లాంజ్‌లో కంప్యూటర్ ముందు మా ఆయన

మా ఆయనకు మెల్లగా మాట్లాడటం రాదు. వరంగల్ చౌరస్తాలో మాది బట్టల దుకాణం. ఆటోల హారన్లు, ఎదురు దుకాణం వాళ్ళ పిలుపులు, పెళ్ళి బట్టలకని తొర్రూరు నుంచో నర్సంపేట నుంచో ఒకేసారి దిగే కుటుంబాల సందడి, వీటన్నిటి మధ్య మాట వినపడాలంటే గొంతు పెంచక తప్పదు. మామయ్య పోయాక చిన్న వయసులోనే గల్లా మీద కూర్చున్నాడు. అప్పుడు పెరిగిన గొంతు మళ్ళీ తగ్గలేదు. నేను హనుమకొండలో డిగ్రీ దాకా చదువుకున్నదాన్ని. మా పుట్టింట్లో పేపరు తిప్పిన చప్పుడు కూడా వినిపించేది. పెళ్ళైన కొత్తలో ఆయన పక్క గదిలో ఫోన్ మాట్లాడుతుంటే ఎవరితోనో గొడవ పడుతున్నాడేమోనని పరుగెత్తుకుంటూ వెళ్ళేదాన్ని. తర్వాత అలవాటైంది. అలవాటైందనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

కొంతకాలం కిందట దుకాణంలో కెమెరాలు పెట్టించాడు. దొంగల భయంతో పెట్టించాడు కానీ, దొంగల్ని చూడటం కంటే సొంత మనుషుల్ని చూడటం ఎక్కువైంది. గల్లాకు ఎదురుగా పైనున్న కెమెరాకు మాట్లాడే వీలు కూడా ఉంది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఇక్కడ మాట్లాడితే దుకాణంలో పైకప్పు నుంచి ఆయన గొంతు వినిపిస్తుంది, వాళ్ళ మాటలు మనకు వినిపిస్తాయి. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు కంచం ముందు పెట్టుకుని, "ఆ పెద్దమ్మ నిలబడ్డది, కుర్చీ వెయ్యి" అనేవాడు. చీరలు చూస్తున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడి పైకి చూసేవారు. మా దగ్గర ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న సేల్స్‌మన్ మాత్రం తాపీగా తలెత్తి, "వేస్తాన సేటూ" అనేవాడు. ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్ళం. నేనూ నవ్వేదాన్ని.

పెళ్ళిళ్ళ సీజన్‌కు ముందు సరుకు కోసం సూరత్ వెళ్ళాలి. ఎప్పుడూ ఆయన ఒక్కడే రైల్లో వెళ్ళొచ్చేవాడు. ఈసారి నన్నూ రమ్మన్నాడు.

"నువ్వు తీసిన రంగులే పోతానయి. నేను తెచ్చినయి బీరువాలల్లనే ఉంటానయి" అన్నాడు.

నాకు నడుం నొప్పి ఉంది, రైల్లో అంతసేపు కూర్చోలేనని విమానం టికెట్లు తీశాడు. దుకాణం సంగతి ఏమిటని అడిగితే అత్తమ్మ, "గల్లా మీద నేను కూసుంట. జర నిమ్మలంగ పోయిరాండ్రి" అంది. అత్తమ్మకు డెబ్బై దాటాయి కానీ లెక్కలో ఆమెను మించినవాళ్ళు మా ఇంట్లో లేరు.

ప్రయాణం రోజున నేను ముదురాకుపచ్చ నేత చీర కట్టుకున్నాను. విమానంలో వెళ్ళేవాళ్ళు మెరుపుల చీరలు కట్టరని ఎందుకో నా మనసులో పడింది. వరంగల్ నుంచి హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌కు కారులో బయలుదేరి, దారి పొడుగునా ఆయన ఫోన్లో మాట్లాడుతూనే ఉండగా, చాలా ముందుగానే చేరుకున్నాం. లోపలికి వెళ్ళాక ఆయన జేబులోంచి బ్యాంకు కార్డు తీసి, దీంతో లాంజ్‌లోకి పోవచ్చని స్నేహితుడెవరో చెప్పాడన్నాడు. లాంజ్ అంటే విమానం వచ్చేదాకా కూర్చునే చల్లని హాలు. మెత్తటి సోఫాలు, వరసగా పెట్టిన టిఫిన్లు, ఎవరికి వాళ్ళు ల్యాప్‌టాప్ తెరుచుకుని గుసగుసగా మాట్లాడుకునే మనుషులు. నేను అక్కడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇలాంటి చోట్లు నాకు కొత్త కాదన్నట్టు కూర్చున్నాను. నిజానికి అది నాకు మొదటిసారి.

గోడ వారగా ఒక బల్ల మీద రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకటి పనిచేయడం లేదని కాగితం అంటించారు. రెండోది ఖాళీగా ఉంది. ఇడ్లీ ప్లేటు పట్టుకుని తిరుగుతున్న మా ఆయన కళ్ళు దాని మీద పడ్డాయి.

"ఫోన్ల చూస్తే మనుషులు చీమలోలె కనవడుతాండ్రు. గిండ్ల పెద్దగ కనవడుతది" అంటూ వెళ్ళి కూర్చున్నాడు. ప్లేటు కీబోర్డు పక్కన పెట్టాడు. కాసేపటికి తెర మీద మా దుకాణం వచ్చింది. పేర్చిన చీరల అరలు, తెల్లటి పరుపు, గల్లా వెనక అత్తమ్మ.

"అమ్మా, వినపడుతాందా?"

ఆ మాటకు హాల్లో సగం మంది తలలు తిప్పారు.

"వినపడుతాంది కొడుకా. ఎక్కిండ్రా విమానం?" అని అత్తమ్మ గొంతు కంప్యూటర్లోంచి ఖంగుమంది.

ఆయన ధ్వని తగ్గించలేదు. సేల్స్‌మన్‌ను పిలిచి, పైన మూడో అరలో ఉన్న కట్టలు దించమన్నాడు. ఎడమ వైపు కాదు, కుడి వైపు అన్నాడు. నాలుగు సోఫాల అవతల ఒకాయన ల్యాప్‌టాప్ మూసి, పక్కనున్నవాళ్ళతో ఏదో అని నవ్వాడు. మా ఆయన వెనక్కి తిరిగి, "ఇటు రా, అమ్మ ఎట్ల కూసున్నదో చూడు" అని నన్ను పిలిచాడు. నేను ఫోన్ చెవికి పెట్టుకుని, మాట్లాడుతున్నట్టు చెయ్యి ఊపాను. అవతల ఎవరూ లేరు. ఆయన సరేనని తల తిప్పుకున్నాడు. నేను లేచి, అక్కడున్న తెలుగు పత్రిక ఒకటి చేతిలోకి తీసుకుని, ఆయనకు దూరంగా, కిటికీ పక్కనున్న సోఫాలోకి మారాను.

అప్పుడు ఒకావిడ వచ్చి కంప్యూటర్ దగ్గర నిలబడింది. నా వయసే ఉంటుంది. భుజాన గుడ్డ సంచి, చేతిలో కళ్ళజోడు. కొంతసేపు నిలబడి, హిందీలో, ఇంకా చాలాసేపు పడుతుందా అని అడిగింది. మా ఆయన తెర మీంచి చూపు తిప్పకుండానే, "బస్, పాంచ్ మినిట్" అన్నాడు. ఐదు నిమిషాలంటే ఆయన లెక్కలో ఎంతో నాకు తెలుసు. ఆవిడ ఇంకాసేపు నిలబడి, చుట్టూ చూసి, నా పక్కన ఖాళీ ఉంటే వచ్చి కూర్చుంది.

నా చేతిలోని తెలుగు పత్రిక చూసి, "మీరు తెలుగోళ్ళా అక్కా?" అని అడిగింది.

అవును, మాది వరంగల్ అన్నాను. తను సూరత్‌లో తెలుగు బడిలో పంతులమ్మనని చెప్పింది. వాళ్ళ నాన్నది తొర్రూరు పక్క పల్లె. మగ్గాల పని మీద సూరత్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. చిన్నాన్న కూతురి పెళ్ళికని వచ్చి తిరిగి వెళుతోంది.

"పిల్లల మార్కులు ఎక్కియ్యాలె అక్కా. ఇయ్యాలనే ఆఖరు. ఫోన్ల ఎంత కొట్టినా ఆ పేజీ తెరుసుకుంట లేదు. ఇక్కడ కంప్యూటర్ ఉంటదని ముందుగాల్నే వచ్చిన." ఆవిడ బల్ల వైపు చూసి చిన్నగా నవ్వింది. "అక్కడ రాసి పెట్టిండ్రు చూసిన్రా? ఇంకొకరు ఎదురుచూస్తాంటే పావుగంటకు లేవాలెనట, శబ్దం బంద్ పెట్టాలెనట, తినేటియి దగ్గర పెట్టొద్దట. పోయేటప్పుడు మన పేజీ మూసి పోవాలెనట. మా బడిల పిల్లలకు గూడ గివే చెప్తాం, వాళ్ళూ వినరు."

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే సమయానికి మా ఆయన, "ఆ గులాబీ రంగు కాదయా, కింద ఉన్నది, కింద ఉన్నది" అని అరిచాడు. ఆవిడ చెవి ఆ యాసను పట్టింది.

"ఆయన గూడ మన దిక్కు మనిషే ఉన్నడు. మీరు వరంగల్ అంటిరి గదా, మీకు ఎరికేనా?"

నేను ఆలోచించడానికి కూడా ఆగలేదు.

"లేదు, తెల్వదు" అన్నాను.

అన్నాక వెనక్కి తీసుకోవచ్చు. నవ్వి, మా ఆయనే అనొచ్చు. కానీ ఆవిడ అప్పటికే మాట మార్చి, పెళ్ళిలో పెట్టిన కూరల గురించి చెబుతోంది. నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఒళ్ళంతా చెవులై, ఆయన మళ్ళీ నన్ను పిలుస్తాడేమోనని భయపడుతూనే ఉన్నాను.

ఆయన పిలవలేదు. వెనక్కి తిరిగి, నేను ముందు కూర్చున్న సోఫా వైపు చూశాడు. అక్కడ లేకపోయేసరికి హాలంతా వెతికి, కిటికీ దగ్గర నన్ను చూసి, ముఖం విప్పారేలా నవ్వి చెయ్యెత్తాడు. నేను ఫోన్లోకి తల దించుకున్నాను.

"ఇటు దిక్కే చూస్తాండు" అంది పంతులమ్మ. "ఎవర్నో ఎతుకుతాండేమో." అంతలోనే, "పాపం, ఆయన ఫికర్ ఆయనది. దుకాణం వదిలిపెట్టి వచ్చినోళ్ళకు పాణం అక్కడ్నే కొట్టుకుంటది. మా నాయన గూడ ఊరికొస్తే మగ్గం గురించే అడుగుతుండె" అంది.

ఎవరో తెలియని మనిషి మీద ఆవిడ చూపిన ఆ కాస్త దయ నేను చూపలేకపోయాను. ఆ సంగతి అప్పుడే తెలిసింది. తెలిసినా ఫోన్లోంచి తల ఎత్తలేదు.

చివరికి లాంజ్‌లో పనిచేసే అమ్మాయి వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని, బల్ల దగ్గర అంటించిన నియమాల కాగితం చూపిస్తూ, వేరేవాళ్ళు ఎదురుచూస్తున్నారని, తినే ప్లేటు అక్కడ పెట్టకూడదని మర్యాదగానే చెప్పింది. అందరూ చూస్తున్నారు. మా ఆయన గబగబా లేచాడు. "సారీ అమ్మా, చూడలే" అన్నాడు. కీబోర్డు మీద పడిన చట్నీని జేబురుమాలుతో తుడిచాడు. ఒకసారి తుడిచి, సరిగ్గా పోలేదని మళ్ళీ వంగి తుడిచాడు. అంత పెద్ద మనిషి అలా వంగి తుడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అయినా లేచి వెళ్ళలేదు. నేను చేసిందల్లా బాత్రూమ్‌కని పంతులమ్మకు చెప్పి బయటపడి, గేటు దగ్గరికి రమ్మని ఆయనకు మెసేజ్ పెట్టడం.

గేటు దగ్గర రెండు బ్యాగులూ మోసుకుంటూ వచ్చాడు. నా పక్కన కూర్చుని, "నీకు టీ గూడ తెచ్చేటోణ్ని, బయటికి తీస్కపోనియ్యరట" అన్నాడు. అంతలోనే అత్తమ్మ ఫోన్ చేసింది. ఆయన అలవాటుగా స్పీకర్ పెట్టాడు.

"కొడుకా, నువ్వు బంద్ చెయ్యకుండనే పోయినవట. ఎవరో ఆడపిల్ల పైనుంచి మాట్లాడింది. అయ్యో, గిది గిట్లనే ఉన్నదేంది అన్నది. ఎవరమ్మా నువ్వు అంటే, నేను పంతులమ్మను పెద్దమ్మా, మీ దుకాణం నాకు మొత్తం కనవడుతాంది అన్నది."

"అయ్యో" అని ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మరి బంద్ చేసిందా?"

"చేసింది. నేనే చెయ్యి బిడ్డా అన్న. మనది తొర్రూరు దిక్కేనట. మంచి పిల్ల. నేను ఊకుంటనా, గల్లా ఎనుక గోడకు ఫొటో ఉన్నది చూడు, వాడే నా కొడుకు, పక్కన ఉన్నది నా కోడలు, ఇద్దరు సూరత్ పోతాండ్రు అని చెప్పిన."

దుకాణం పెద్దది చేసినప్పుడు తీయించిన ఫొటో అది. నిలువెత్తు ఉంటుంది.

"ఏమన్నది?" అని అడిగాను.

"ఏమంటది. చూసిన పెద్దమ్మా, ఇద్దరు మంచిగున్నరు అన్నది."

ఫోన్ పెట్టేశాక మా ఆయన లేచి, "పా, ఆమెకు ఒక మాట చెప్పొద్దాం. వేరేటోడైతే ఏం చేస్తుండెనో" అన్నాడు. విమానం ఎక్కే వేళైందని, ఇప్పుడు ఎక్కడని వెతుకుతామని ఆపేశాను. ఆపి లాభం లేకపోయింది. సూరత్ విమానం అందరికీ ఒక్కటే. భుజాన గుడ్డ సంచితో ఆవిడ మా వైపే నడిచి వస్తోంది.

కంప్యూటర్ దగ్గర తన తర్వాత కూర్చున్న ఆవిడను గుర్తుపట్టి మా ఆయన ఎదురు వెళ్ళాడు. రెండు చేతులూ జోడించి, "మాఫ్ చెయ్యాలె మేడం. మీరు నిలబడ్డది తెలిసి గూడ నేను ఆ ధ్యాసల పడి లేవలే. మల్ల మీరే బంద్ చేసిండ్రట" అన్నాడు. ఇంత పెద్ద గొంతుతో, ఇంతమంది ముందు, ఒక మాట కూడా దాచుకోకుండా చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, "మా ఇంటామె" అన్నాడు.

పంతులమ్మ నన్ను చూసింది. నేను ఆవిడ చెప్పుల వైపు చూశాను.

"లోపల్నే కలిసినం" అంది ఆవిడ. "ఇద్దరం కూసొని ముచ్చట పెట్టుకున్నం."

అంతే అంది. మా ఆయన, కంప్యూటర్ మీద పని అయిందా అని అడిగాడు. పిల్లల మార్కులు సగమే ఎక్కాయని, మధ్యలో ఆ పేజీ ఆగిపోయిందని, దిగాక బడికి పోయి పెద్దసారుతో మాట్లాడుకుంటానని చెప్పింది. తప్పు నాదే అని మా ఆయన అంటుంటే, "మీరు లేచినంక గూడ టైమ్ ఉండె. అది నెమ్మదిగ పనిచేసింది, మీరేం చేస్తరు" అంది. ఇక నా వైపు చూడలేదు. వరసలో మాకంటే ముందు నిలబడింది.

విమానంలో బెల్టు పెట్టుకున్నాక ఆయన మెల్లగా అడిగాడు. ఆయన మెల్లగా అడిగాడంటే అది మనసులో చాలాసేపు తిరిగిన మాట అన్నమాట.

"ఆమె నీ పక్కన్నే కూసున్నదట గదా. పని ఉన్నదని నీకు చెప్పిందా?"

"చెప్పింది."

"మరి నన్ను లేపకపోతివి? ఒక్క మాట చెప్తే లేచేటోణ్ని గదా."

నిజమే. ఒక్క మాట చాలు. ఆయన మొండివాడు కాదు, ధ్యాసలేని మనిషి మాత్రమే. ఆవిడ బాధ తెలిసి, ఆయన స్వభావం తెలిసి, ఆవిడ పక్కనే, ఆయనకు పది అడుగుల దూరంలో కూర్చున్నదాన్ని నేను. ఆ కాగితం మీద రాసినవన్నీ ఆయన తప్పాడు. అక్కడ రాయని తప్పు నేను చేశాను.

నిద్ర వస్తోందన్నట్టు కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను. సూరత్‌లో దిగి బట్టల మార్కెట్‌కు ఆటోలో వెళుతున్నప్పుడు చెప్పాను. మీరెవరో తెలియదన్నానని చెప్పాను. ఎందుకన్నానో కూడా చెప్పబోయాను. మీరు అరుస్తున్నారని, అందరూ చూస్తున్నారని. అది చెబుతుంటే నా మాటలు నాకే అసహ్యంగా వినిపించి మధ్యలో ఆపేశాను.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "అట్లనా" అన్నాడు. ఆటో బయటికి చూస్తూ, కొంత దూరం పోయాక, "అంత గట్టిగ మాట్లాడుతన్ననా?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. నేను కొంగు సర్దుకుంటూ అవతలి వైపుకు తిరిగాను. అదే జవాబైంది.

ఆ మార్కెట్లో ఆయన ఎన్నో ఏళ్ళుగా సరుకు తీసుకునే హోల్‌సేల్ దుకాణం ఉంది. పరుపు మీద కూర్చోగానే చీరలు ఒక్కొక్కటే విప్పి పరిచారు. ప్రతిసారీ అక్కడ బేరం ఎంత గోలగా సాగుతుందో ఆయన ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేవాడు. ఆ రోజు గోల లేదు. ఆయన ధర అడిగాడు, ఆ దుకాణం సేటు చెప్పాడు, ఆయన తలూపాడు. దుకాణం నుంచి ఫోన్ వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్ల మీదికి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. నన్ను రంగులు తీయమన్నాడు. నాకు ఏ రంగూ కంటికి ఆనడం లేదు. ముందున్నవి రెండు పక్కన పెట్టాను.

"ఎక్కువ చెప్తాండు. జర గట్టిగ అడుగుండ్రి" అన్నాను తెలుగులో.

"గిట్లనే మంచిగున్నది" అన్నాడు.

ఆ సేటు కూడా గమనించాడు. ఏమైంది, ఈసారి మీ గొంతే వినిపించడం లేదు, ఒంట్లో బాగాలేదా అని హిందీలో అడిగాడు. మా ఆయన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, పట్టేసింది, విమానంలో చల్లగాలి తగిలిందన్నాడు. ఆ సేటు లోపలికి కేకేసి వేడినీళ్ళు తెప్పించాడు. మా ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆ సేటు ఎదురుగా కూర్చుని చూస్తుంటే, నెమ్మదిగా మొత్తం తాగాడు. తాగి, నా వైపు చూడకుండా, ఇంకో చీర విప్పమని చేత్తో సైగ చేశాడు.